ఎత్తుకి హద్దు లేని హైదరాబాద్‌లో ఇల్లు ఎందుకు అందడం లేదు? జోనింగ్, సెట్‌బ్యాక్‌ల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఇళ్లకి ప్లాన్లు గీసి, వాటికి అనుమతులు తెచ్చిపెట్టే పని నాది. ప్లాటు కాగితాలు పట్టుకుని వచ్చినవాళ్లు, ఫ్లాటు కోసం తిరిగి తిరిగి అలిసిపోయినవాళ్లు, అద్దె భరించలేక ఊరి చివరకి మారినవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలు ఇక్కడ ఒకచోట చేర్చాను. ఎక్కువగా హైదరాబాద్ గురించే ఉంటుంది. ఈ పనిలో నా చెప్పులు అరిగింది ఆ ఊళ్లోనే. ముంబై, ఆక్లాండ్, హ్యూస్టన్‌లని పక్కన పెట్టి చూస్తే మన నియమాలు ఇంకా బాగా అర్థమవుతాయి కాబట్టి అవీ వస్తాయి. సెట్‌బ్యాక్‌లు (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీలు), ఎత్తుల అంకెలు 2012లో జీవో 168గా వచ్చిన భవన నియమాలవి. ఆ తర్వాత సవరణలు జరిగాయి, ప్లాన్ పెట్టేముందు తాజా పట్టిక చూసుకోండి.

జోనింగ్ అంటే అసలు ఏంటి?

ఊళ్లో ఏ భూమిలో ఏం కట్టొచ్చో, ఎంత కట్టొచ్చో ప్రభుత్వం ముందే రాసి పెట్టుకోవడం. ఇందులో రెండు పొరలుంటాయి. మొదటిది మాస్టర్ ప్లాన్. మ్యాప్ మీద రంగులేసి ఇది నివాసం, ఇది వాణిజ్యం, ఇది పరిశ్రమ, ఇది వ్యవసాయ కన్జర్వేషన్ అని చెప్తారు. హైదరాబాద్ చుట్టూ విస్తరించిన ప్రాంతానికి హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) 2013లో నోటిఫై చేసిన 2031 ప్లాన్ ఉంది. రెండో పొర భవన నియమాలు: చుట్టూ ఎంత ఖాళీ వదలాలి, ఎంత ఎత్తు లేపొచ్చు, ముందున్న రోడ్డు ఎంత వెడల్పుండాలి, పార్కింగ్ ఎంత.

జోనింగ్ అనగానే అందరి కళ్లూ రంగుల మ్యాప్ మీదకి పోతాయి. ఊళ్లో ఎన్ని ఇళ్లు లేస్తాయి, ఎలాంటి ఇళ్లు లేస్తాయి అన్నది మాత్రం చాలా వరకు రెండో పొరలోనే తేలిపోతుంది. ఈ పేజీలో ఎక్కువ భాగం దాని గురించే.

ఎఫ్ఎస్ఐ, ఎఫ్ఏఆర్ అంటారు కదా, అదేంటి?

అన్ని అంతస్తుల విస్తీర్ణం కలిపి, ప్లాటు విస్తీర్ణంతో భాగిస్తే వచ్చే అంకె. రెండు పేర్లూ ఒకదానికే. వెయ్యి చదరపు మీటర్ల స్థలంలో ఎఫ్ఎస్ఐ 2 అంటే మొత్తం మీద రెండు వేల చదరపు మీటర్లు కట్టుకోవచ్చు. అది నాలుగు అంతస్తుల్లో కడతారా, ఎనిమిదిలో కడతారా అన్నది వేరే సంగతి.

హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐకి హద్దే లేదంటారు. నిజమా?

చాలా వరకు నిజం. 2006 మార్చిలో వచ్చిన జీవో 86తో ఎఫ్ఎస్ఐ లెక్క పక్కకి పోయింది. దాని బదులు ఎత్తుని ముందున్న రోడ్డు వెడల్పుతో, చుట్టూ వదిలే ఖాళీతో ముడిపెట్టారు. 2012 నియమాలు కూడా అదే దారిలో నడిచాయి. కోకాపేట, నార్సింగి, పుప్పాలగూడ వైపు యాభై అంతస్తులు దాటిన టవర్లు లేచాయంటే దానికి ఇదే మూలం. దేశంలో మరే పెద్ద నగరమూ ఇంత స్వేచ్ఛ ఇవ్వలేదని బిల్డర్లు చెప్పుకుంటారు. ఆ మాటలో నిజముంది.

అలాంటప్పుడు ఇళ్లు చవగ్గా, కావాల్సినన్ని ఉండాలి కదా?

ఈ ఒక్క ప్రశ్న కోసమే ఇదంతా రాయాలనిపించింది. పైన ఆకాశానికి హద్దు తీసేశారు. కింద నేల మీద హద్దు అలాగే ఉంది. కాగితం, పెన్సిల్ తీసుకుని కూర్చోండి, లెక్క వేసి చూద్దాం.

నియమాల ప్రకారం ఎత్తు 18 మీటర్లు, ఆపైన ఉంటే అది హైరైజ్. హైరైజ్ కట్టాలంటే ప్లాటు కనీసం 2,000 చదరపు మీటర్లుండాలి, అంటే సుమారు 2,400 గజాలు, అర ఎకరం. ముందు కనీసం 12 మీటర్ల రోడ్డుండాలి, మన మాటల్లో నలభై అడుగుల రోడ్డు. 21 మీటర్ల ఎత్తు వరకు నాలుగు వైపులా 7 మీటర్లు వదలాలి. ఎత్తు పెరిగేకొద్దీ ఆ ఖాళీ పెరుగుతుంది. 50 నుంచి 55 మీటర్ల ఎత్తుకి 16 మీటర్లు వదలాలి, రోడ్డు 30 మీటర్లుండాలి.

ఇప్పుడు 40 మీటర్లు, 50 మీటర్ల కొలతల అర ఎకరం ప్లాటు తీసుకోండి. ఏడేసి మీటర్లు వదిలితే మిగిలేది 26కి 36, అంటే 936 చదరపు మీటర్లు. స్థలంలో సగం కూడా లేదు. అదే ప్లాటులో 55 మీటర్లు లేపాలంటే మిగిలేది 8కి 18. రెండు గదులు, ఒక లిఫ్టు పట్టే జాగా. ఎవరూ కట్టరు. ఎకరం స్థలమైతే 16 మీటర్లు వదిలాక పావు వంతు చేతికొస్తుంది. ఐదెకరాలైతే అరవై శాతం.

చూశారా, ఎత్తుకి హద్దు లేకపోవడం అనే వరం ఐదెకరాలున్నవాడికే పనికొస్తుంది. అంత పెద్ద ఒకే ముక్క అమీర్‌పేటలోనో, మలక్‌పేటలోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఎక్కడ దొరుకుతుంది? ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే దొరుకుతుంది. అందుకే టవర్లు అక్కడ లేచాయి. మెట్రో స్టేషన్ పక్కన ఇంకా గ్రౌండ్ ప్లస్ టూలే ఉన్నాయి.

ఇంకో సంగతి. అంత పెద్ద స్థలం కొని, ఎత్తు కట్టడానికి అయ్యే ఖర్చు, క్లబ్‌హౌస్, బేస్‌మెంట్ పార్కింగ్ అన్నీ కలిపి చదరపు అడుగు ధర పెరిగిపోతుంది. ఆ ధర ఇవ్వగలిగేవాళ్లు పెద్ద ఫ్లాటే అడుగుతారు. హైదరాబాద్ టవర్లలో రెండు వేలు, మూడు వేల చదరపు అడుగుల ఫ్లాట్లు మామూలైపోయింది ఇలాగే. ఇద్దరు పిల్లలున్న ప్రైవేటు టీచరుకి కావాల్సిన 900 అడుగుల ఇల్లు ఆ ప్లాన్లలో ఉండదు.

మరి ఎక్కడ చూసినా స్టిల్ట్ ప్లస్ ఫైవ్ అపార్ట్‌మెంట్లే ఎందుకు?

అదే 18 మీటర్ల గీత. కింద పార్కింగ్ స్టిల్ట్, పైన ఐదు అంతస్తులు కలిపితే 18 మీటర్లలోపు సరిగ్గా సరిపోతుంది. ఆరో అంతస్తు వేస్తే హైరైజ్ కిందకి వస్తుంది. అప్పుడు అర ఎకరం కావాలి, చుట్టూ 7 మీటర్లు కావాలి, అగ్నిమాపక శాఖ ఎన్ఓసీ కావాలి. ఒక్క అంతస్తు కోసం అంత ఎవరు పెట్టుకుంటారు? అందుకే ఊరంతా ఐదు అంతస్తుల దగ్గర గీత గీసినట్టు ఆగిపోయి, మళ్లీ ఒక్కసారిగా ముప్ఫైకి దూకుతుంది. మధ్యలో ఏడు, ఎనిమిది, పది అంతస్తుల భవనాలు చాలా తక్కువ. ప్రపంచంలో కొన్ని నగరాల్లో జనం ఎక్కువగా ఉండేది ఆ మధ్య ఎత్తు ఇళ్లల్లోనే.

మాది 200 గజాల ప్లాటు. ఇంకో రెండు అంతస్తులు వేసుకుంటే పిల్లలకి చెరొకటి ఇవ్వొచ్చు. ఎందుకు కుదరదు?

200 గజాలంటే సుమారు 167 చదరపు మీటర్లు. పట్టిక ప్రకారం 200 చదరపు మీటర్లలోపు ప్లాటులో 10 మీటర్లు దాటకూడదు. గ్రౌండ్ ఫ్లోరు, పైన రెండు. అక్కడితో సరి.

ఈ మాట చెప్పినప్పుడు ఎదుటివాళ్ల ముఖం చూడటం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. ఎందుకంటే ఊళ్లో ఉన్న స్థలంలో చాలా భాగం ఇలాంటి నూట యాభై, రెండు వందల గజాల ముక్కలే. బిల్డరు అవసరం లేకుండా, బ్యాంకు లోనుతో, మేస్త్రీని పెట్టుకుని సొంతంగా కట్టుకునే ఇళ్లు ఇవి. ఒక్కో ఇంటి మీద ఒక్క పోర్షన్ అదనంగా వచ్చినా, ఊరు మొత్తం మీద ఎన్ని అద్దె ఇళ్లు పుడతాయో ఆలోచించండి. టవర్ల గురించి ఎంతో మాట్లాడుకుంటాం, ఈ లెక్క మాత్రం ఎవరూ వేయరు.

మరి అందరూ వేసుకుంటూనే ఉన్నారు కదా, పెంట్‌హౌస్‌లు, నాలుగో అంతస్తులు?

వేసుకుంటున్నారు. అవసరం ఉన్నచోట నియమం కుదరదంటే జనం నియమాన్ని దాటి కడతారు. తర్వాత ప్రభుత్వం డబ్బు కట్టించుకుని క్రమబద్ధీకరిస్తుంది. 2007 చివర్లో ఒకసారి, 2015లో మరోసారి అలాంటి పథకాలు వచ్చాయి. మళ్లీ వస్తుందన్న నమ్మకంతోనే కొత్త అంతస్తులు లేస్తున్నాయి.

నష్టం ఎక్కడంటే, దొంగచాటుగా కట్టే అంతస్తుకి స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం ఉండదు. పునాది రెండు అంతస్తులకి వేసి, ఐదు లేపుతారు. 2024 నవంబర్‌లో గచ్చిబౌలి పక్కన సిద్ధిఖ్‌నగర్‌లో చిన్న ముక్క మీద కట్టిన బహుళ అంతస్తుల భవనం పక్కకి ఒరిగింది. చుట్టుపక్కల వాళ్లని రాత్రికి రాత్రి ఖాళీ చేయించి, దాన్ని కూల్చేయాల్సి వచ్చింది. ఐటీ ఆఫీసుల పక్కన పదివేలలోపు అద్దెకి గది కావాలంటే అలాంటి భవనాలే దిక్కు. పునాదికి తగ్గట్టు నాలుగు అంతస్తులు చట్టప్రకారం ఇచ్చి, మట్టి పరీక్ష, ఇంజినీరు సంతకం తప్పనిసరి చేస్తే ఆ గదుల్లో ఉండే పిల్లల ప్రాణాలకి భరోసా ఉంటుంది. నేను మనస్ఫూర్తిగా కోరుకునేది ఇది.

సెట్‌బ్యాక్‌లు మొత్తం తీసేయమంటారా?

లేదు. పెద్ద భవనం చుట్టూ ఫైర్ ఇంజన్ తిరగాలి, అది ప్రాణాలకి సంబంధించిన విషయం. ఎత్తయిన రెండు టవర్ల మధ్య గాలీ వెలుతురూ ఉండాలి. వీటి మీద నేను ఒక్క అంగుళం కూడా తగ్గించమని అడగను.

చిన్న ప్లాటు సంగతి వేరు. 200 గజాల ఇంటికి పక్కన మీటరు వదిలితే ఆ సందులో ఏం ఉంటుంది? ఏసీ అవుట్‌డోర్ యూనిట్, పాత కుండీలు, ఎలుకలు. పక్కింటివాళ్లు కూడా అంతే వదులుతారు. రెండు ఇళ్ల మధ్య ఎవరికీ పనికిరాని చీకటి సందు. మన పాత ఊళ్లు అలా కట్టలేదు. గోడకి గోడ ఆనించి, వీధి వైపు అరుగు పెట్టి, వెలుతురు కోసం ఇంటి మధ్యలో మండువా వదిలేవాళ్లు. పాతబస్తీ ఇళ్లల్లోనూ ఆ మధ్య వాకిలి కనిపిస్తుంది. స్థలం వృథా కాలేదు, గాలీ ఆడేది. చుట్టూ ఖాళీ, మధ్యలో ఇల్లు అన్న నమూనా బంగళాది. ఎకరం బంగళాకి అందంగా ఉండే పద్ధతిని రెండు వందల గజాలకి కుదించి వాడుతున్నాం.

ముంబై సంగతేంటి? అక్కడ మనకంటే గట్టి నియమాలా?

ముంబై వేరే దారి పట్టింది. 1991 నియమాల్లో దీవి భాగంలో ఎఫ్ఎస్ఐ 1.33, శివార్లలో 1 అని పెట్టారు. దేశంలోనే అతి ఖరీదైన భూమి మీద, వెయ్యి మీటర్ల స్థలంలో 1,330 మీటర్లే కట్టుకోమన్నారు! ఊరు ఇరుకవుతోంది, జనాన్ని రాకుండా ఆపుదాం అన్నది దాని వెనకున్న ఆలోచన. జనం ఆగలేదు. 2011 జనగణన నాటికి గ్రేటర్ ముంబైలో నలభై శాతానికి పైగా మురికివాడల్లో ఉన్నారు. ఆ పరిస్థితికి ఎఫ్ఎస్ఐ ఒక్కటే కారణమనను, 1947 నాటి అద్దె చట్టం, ఉప్పు భూముల తగాదాలు, సముద్రం మధ్య ఊరు కావడం అన్నీ ఉన్నాయి. కానీ చట్టబద్ధంగా కట్టే ఇంటిని ఇంత ఇరుకు చేశాక పేదవాడికి ఇంకేం దారి మిగులుతుంది?

తర్వాత టీడీఆర్ (ఒకచోట వదులుకున్న కట్టే హక్కుని ఇంకోచోట వాడుకోవడం, అమ్ముకోవడం) అని, ప్రీమియం ఎఫ్ఎస్ఐ (డబ్బు కట్టి కొనుక్కునే అదనపు ఎఫ్ఎస్ఐ) అని ఒక్కో మినహాయింపు అమ్ముతూ వచ్చారు. దాంతో ఎంత కట్టొచ్చన్నది పట్టికలో చూసి తెలుసుకునే విషయం కాకుండా, బేరమాడి తెచ్చుకునే విషయమైంది. బేరమాడగలిగేది పెద్ద బిల్డరే.

ఎక్కువ కట్టనిస్తే భూమి ధరే పెరుగుతుంది కదా? ఎకరం వంద కోట్లు చూశాం!

2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది. ఆ రోజు చాలామంది గుండె జారిపోయింది. దాన్ని ఇలా చూడండి. ఆ ఎకరంలో నాలుగు లక్షల చదరపు అడుగులు కట్టగలిగితే, ఒక్కో అడుగు మీద పడే భూమి ఖర్చు 2,500 రూపాయలు. లక్ష అడుగులే కట్టనిస్తే అదే భూమికి అడుగుకి 10,000 పడుతుంది. నిజానికి లక్ష అడుగులే కట్టనిచ్చేట్టుంటే ఎవరూ వంద కోట్లు పాడరు. వేలంపాటలో బిల్డరు కొన్నది నేలతో పాటు ఆ నేల మీద లేవబోయే అంతస్తులని కూడా.

అందుకే ఒక చిన్న ప్రాంతంలోనే ఎక్కువ కట్టనిస్తే లాభమంతా అక్కడి భూయజమానికి పోతుంది. కట్టే అవకాశం ఊరంతా ఉంటే, ఒక యజమాని ఎక్కువ అడిగినా బిల్డరు పక్క వీధికి పోగలడు. ధర మీద ఒత్తిడి అప్పుడే తగ్గుతుంది.

కొత్తగా కట్టేవన్నీ లగ్జరీ ఫ్లాట్లే. మధ్యతరగతికి ఒరిగేదేముంది?

కొంత ఒరుగుతుంది. టవర్‌లోకి మారిన కుటుంబం మియాపూర్‌లోనో, కూకట్‌పల్లిలోనో ఒక పాత ఫ్లాటు ఖాళీ చేస్తుంది. ఆ టవరే లేకపోతే అదే కుటుంబం ఆ పాత ఫ్లాటుకే ఎక్కువ అద్దె ఇచ్చి నిలబడేది. అయితే పైనుంచి కిందకి ఆ నీళ్లు పారడానికి చాలా ఏళ్లు పడుతుంది. అంతకాలం ఎదురుచూడమని ఇవాళ అద్దె కట్టేవాళ్లకి చెప్పడం నాకు న్యాయంగా అనిపించదు.

నేరుగా మధ్యతరగతి ఇళ్లే ఎక్కువగా రావాలంటే ఆక్లాండ్‌ని చూడాలి. న్యూజీలాండ్‌లోని ఆ నగరం 2016లో కొత్త ప్లాన్ తెచ్చి, నివాస భూమిలో దాదాపు నాలుగింట మూడొంతుల మీద మునుపటికంటే ఎక్కువ కట్టుకోనిచ్చింది. ఇళ్ల అనుమతులు కొన్నేళ్లలోనే రెట్టింపయ్యాయి. అక్కడ ఎక్కువగా వచ్చినవి ఆకాశహర్మ్యాలు కావు. పాత ఒంటరి ఇల్లు తీసేసి, అదే స్థలంలో గోడలు కలిపి కట్టిన రెండు, మూడు అంతస్తుల ఇళ్లు. మామూలు కాంట్రాక్టర్లు కట్టగలిగినవి, మామూలు కుటుంబాలు కొనగలిగినవి.

అమెరికాలో మా అమ్మాయి వాళ్లు బే ఏరియాలో జీతంలో సగం అద్దెకే పెడుతున్నారు. అక్కడ ఖాళీ స్థలం బోలెడుంది కదా?

స్థలం ఉంది, కట్టనివ్వరు. బే ఏరియాలోని శాన్‌హోసేలో నివాస భూమిలో దాదాపు 94 శాతం ఒక ప్లాటుకి ఒకే కుటుంబం ఇల్లు అన్న నియమం కిందే ఉండేది. 2022 జనవరి నుంచి కాలిఫోర్నియా రాష్ట్ర చట్టం ఒకటి ఆ ప్లాటుని రెండుగా చీల్చుకోవడానికి, మొత్తం నాలుగు ఇళ్ల వరకు కట్టుకోవడానికి వీలిచ్చింది. కానీ షరతులు, ఫీజులు మిగిలే ఉన్నాయి కాబట్టి కట్టినవాళ్లు తక్కువే. ఒంటరి ఇళ్ల నియమానికి చేదు చరిత్ర కూడా ఉంది. నల్లజాతివాళ్లు ఫలానా వీధుల్లో ఉండకూడదన్న నగర చట్టాల్ని 1917లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత, డబ్బు తక్కువున్నవాళ్లు రాలేని విధంగా ప్లాటు సైజు, ఇంటి రకం నియమాలతో అదే పని చాలాచోట్ల జరిగింది.

మనవాళ్లు పెద్దసంఖ్యలో టెక్సాస్ వైపు వెళ్లడానికి ఉద్యోగాలతో పాటు ఇళ్ల ధరలు కూడా కారణం. హ్యూస్టన్‌లో జోనింగ్ చట్టమే లేదు. 1948, 1962, 1993లో ఓటింగ్ పెడితే మూడుసార్లూ జనం వద్దన్నారు. అయినా కనీస ప్లాటు సైజు నియమం మాత్రం ఉండేది: 5,000 చదరపు అడుగులు, అంటే సుమారు 555 గజాలు. 1998లో ఊరి నడిబొడ్డున దాన్ని 1,400 అడుగులకి, మన లెక్కలో 155 గజాలకి తగ్గించారు. ఆ ఒక్క అంకె మారాక పాత ప్లాట్లు మూడు ముక్కలై, మూడంతస్తుల టౌన్‌హౌస్‌లు వేలకొద్దీ వచ్చాయి. 2013లో అదే వెసులుబాటు నగరమంతటికీ పెంచారు. మన 200 గజాల ప్లాటు గురించి నేను అడుగుతున్నది కూడా ఇలాంటి మార్పే.

ఇంకో రెండంతస్తులు ఇస్తే నీళ్లు, డ్రైనేజీ ఏం కావాలి? ఇప్పటికే ట్యాంకర్ల మీద బతుకుతున్నాం.

ఈ భయం న్యాయమైనది. తేలిగ్గా తీసిపారేసేది కాదు. అయితే ఒక్కటి గమనించండి. ఊరి మధ్యలో పైపులు, రోడ్లు, బస్సులు, మెట్రో అన్నీ ఉన్నాయి. అక్కడ జనం పెరిగితే ఉన్న పైపుని పెద్దది చేయాలి. ఊరి చివర టవరు లేస్తే పైపు, రోడ్డు, మురుగుశుద్ధి కేంద్రం, బడి అన్నీ కొత్తగా వేయాలి. అవి వచ్చేదాకా అక్కడివాళ్లు ట్యాంకర్లే కొంటారు. ఎండాకాలంలో శివారు గేటెడ్ కమ్యూనిటీల ముందు నిలబడే ట్యాంకర్ల వరుస ఎవరికి తెలియదు?

అనుమతి ఇచ్చేటప్పుడు వసూలు చేసే అభివృద్ధి రుసుములు ఏ వార్డులో వచ్చాయో ఆ వార్డు పైపులకే ఖర్చు పెట్టాలి. అలా లెక్క బయటపెడితే, పక్కింటికి మూడో అంతస్తు వస్తోందంటే జనం ఇంత కంగారు పడరు.

జీవో 111 ఎత్తేస్తే బోలెడు భూమి వస్తుంది కదా? ఇళ్ల కొరత తీరుతుంది అంటున్నారు.

నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1996 మార్చి 8న వచ్చిన ఆ జీవో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో కట్టడాల్ని కట్టడి చేసింది. ఈ రెండు జలాశయాలు ఎందుకు వచ్చాయో గుర్తు చేసుకోవాలి. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి వేలమందిని మింగింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో వరదని ఆపడానికి ఈ రెండూ కట్టారు, 1920లో ఒకటి, 1927లో ఇంకొకటి. తాగునీళ్లు ఇప్పుడు కృష్ణా, గోదావరి నుంచి వస్తున్నాయి కాబట్టి జంట జలాశయాల అవసరం తీరిందనే వాదనతో 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షల్ని సడలిస్తూ జీవో 69 తెచ్చారు. వాన నీళ్లు ఆ వాదన వినవు. చుట్టూ కాంక్రీటు పరిస్తే ఆ నీళ్లు ఊరి మీదకే వస్తాయి.

ఊరి మధ్యలో వేల ఎకరాలు రెండంతస్తుల దగ్గర ఆపేసి, ఇళ్లకి భూమి చాలడం లేదని జలాశయం ఒడ్డుకి పోవడం నాకు బాధ కలిగించే విషయం. అదే సమయంలో ఆ 84 గ్రామాల రైతుల గోడు కూడా నిజం. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే, వాళ్ల భూమికి మూడు దశాబ్దాలుగా తాళం వేసి ఉంచాం. ఊరి కోసం వాళ్లు వదులుకున్నదానికి ఊరు డబ్బు కట్టాలి. వాళ్లకి టీడీఆర్ ఇచ్చి, ఊరి మధ్యలో అదనపు అంతస్తులు వేసేవాళ్లు దాన్ని కొనాలనే షరతు పెడితే రెండు పనులూ కలుస్తాయి.

చెరువుల బఫర్ కూడా జోనింగేనా?

అవును. పది హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువుకి, పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకి 9 మీటర్లు వదలాలి. 10 మీటర్ల కంటే వెడల్పైన నాలాకి 9 మీటర్లు. ఈ అంకెలు తగ్గించే ఏ ఆలోచననీ నేను సమర్థించను. 2024 జులైలో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక కూల్చివేతలు చూశాం. అనుమతి కాగితం చేతిలో ఉండి కూడా ఇల్లు పోగొట్టుకున్నామని ఏడ్చిన కుటుంబాలున్నాయి. ప్రతి చెరువుకీ ఎఫ్‌టీఎల్ హద్దురాళ్లు పాతి, మ్యాప్‌ని అందరికీ ముందే చూపించి ఉంటే ఆ కన్నీళ్లు చాలా వరకు తప్పేవి.

పంచాయతీ లేఅవుట్ల గొడవకీ దీనికీ సంబంధం ఏంటి?

నేరుగా సంబంధం ఉంది. అనుమతి ఉన్న లేఅవుట్ అంటే ముప్ఫై, నలభై అడుగుల రోడ్లు, పార్కుకి ఖాళీ స్థలం, భూ వినియోగ మార్పిడి, ఫీజులు. అన్నీ మంచివే, కానీ అన్నీ కలిపితే గజం ధర ఆటో డ్రైవరుకి అందదు. అందుకని అతను పొలంలో రాళ్లు పాతిన నోటరీ ప్లాటో, పంచాయతీ లేఅవుట్ ప్లాటో కొంటాడు. తెలంగాణలో అనుమతి లేని లేఅవుట్లని క్రమబద్ధీకరించే 2020 పథకం ఎల్ఆర్‌ఎస్‌కి సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. అంతమందినీ నియమం దాటినవాళ్లని అనుకుంటే పొరపాటు. వాళ్ల స్తోమతకి తగ్గ చట్టబద్ధమైన ప్లాటు ఊళ్లో దొరకలేదు, అంతే. అరవై, డెబ్బై గజాల ప్లాట్లున్న లేఅవుట్‌కి ఇరవై అడుగుల లోపలి రోడ్లు, దగ్గర్లో ఒక పెద్ద పార్కు పెట్టి అనుమతిస్తే ఆ దరఖాస్తుల్లో ఎన్నో పుట్టేవే కావు.

అనుమతులు ఆన్‌లైన్ అయ్యాయి కదా, సమస్య తీరలేదా?

2020 నవంబర్‌లో మొదలైన టీఎస్ బీపాస్‌తో నిజంగా మేలు జరిగింది. 75 గజాలలోపు ఇంటికి రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలన్నారు. 600 గజాల వరకు సొంత ధ్రువీకరణతో చిన్న ఇళ్లకి వెంటనే అనుమతి వస్తుంది. అంతకుముందు ఒక్క ఫైలు కోసం నెలల తరబడి ఒకే బల్ల ముందు నిలబడిన రోజులు నాకు గుర్తున్నాయి. కాకపోతే ఇది అనుమతి వచ్చే వేగాన్ని పెంచింది. ఎంత కట్టొచ్చు అన్న పట్టిక మాత్రం కదల్లేదు.

పార్కింగ్ నియమం గురించి ఎవరూ మాట్లాడరేం?

మాట్లాడాలి. ప్రతి ఇంటికీ కారు జాగా తప్పనిసరి అంటే, కారు లేని కుటుంబం కూడా ఆ జాగా ఖర్చు ఫ్లాటు ధరలో కడుతుంది. కాలిఫోర్నియా 2022లో చేసిన చట్టంతో పెద్ద రవాణా స్టాపులకి అర మైలు లోపల ఈ నిబంధన చాలా వరకు ఎత్తేసింది. మన మెట్రో స్టేషన్ల పక్కన కూడా ఇలా చేసి చూడొచ్చు. రోడ్డు మీద కార్లు నింపేస్తారన్న భయం ఉంటే, వీధిలో పార్కింగ్‌కి డబ్బు వసూలు చేయాలి.

మీ చేతిలో ఉంటే ముందు ఏం మారుస్తారు?

ముప్ఫై అడుగుల రోడ్డున్న ప్రతి కాలనీలో, 150 గజాలు దాటిన ప్లాటుకి గ్రౌండ్ ప్లస్ ఫోర్ ఇస్తాను, ఇంజినీరు సంతకం, మట్టి పరీక్ష షరతుతో. పక్కవాళ్లిద్దరూ ఒప్పుకుంటే గోడకి గోడ కట్టుకోనిస్తాను. 18 మీటర్ల దగ్గరున్న ఆ పెద్ద మెట్టుని రెండు, మూడు చిన్న మెట్లుగా విడగొడతాను, వెయ్యి గజాల స్థలంలో ఎనిమిది అంతస్తులు కుదిరేలా, అగ్నిమాపక ఏర్పాట్లు ఏమాత్రం తగ్గకుండా. చెరువులు, నాలాలు, జంట జలాశయాల జోలికి మాత్రం పోను.

ఇవన్నీ మారేలోపు నేను ప్లాటు కొంటున్నాను. ఏం చూసుకోవాలి?

ముందు సర్వే నంబరుతో హెచ్ఎండీఏ మాస్టర్ ప్లాన్‌లో ఆ భూమి ఏ జోన్‌లో ఉందో చూడండి. కన్జర్వేషన్, బయో కన్జర్వేషన్ అని ఉంటే ఏజెంటు ఎంత చెప్పినా ఆగండి. ప్లాను మీద ప్రతిపాదిత రోడ్డు ఏదైనా మీ ప్లాటు గుండా పోతోందేమో చూడండి, పోతుంటే రోడ్డు వెడల్పులో కొన్ని గజాలు పోతాయి. ప్లాటు ముందు రోడ్డుని టేపు పెట్టి స్వయంగా కొలవండి. కాగితం మీద నలభై అడుగులుండి నేల మీద ఇరవై ఎనిమిదే ఉంటే మీకొచ్చే అంతస్తులు తగ్గుతాయి. చెరువు దగ్గరైతే ఎఫ్‌టీఎల్ మ్యాప్ చూడండి. ఫ్లాటైతే నివాసయోగ్య ధ్రువపత్రం (ఓసీ) ఉందా, నేలలో మీ పేరు మీద వచ్చే అవిభాజ్య వాటా ఎన్ని గజాలు అని అడగండి. ముప్ఫై ఏళ్ల తర్వాత ఆ భవనం కూల్చి మళ్లీ కట్టే రోజున మీ చేతిలో మిగిలేది ఆ గజాలే.